ఏడో గేటు దగ్గర కూర్చున్నవాడు

చిరంజీవి పిడుగుకి,

అమ్మమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. అందులో నిజమెంతో ఉత్తరం చివరికి వచ్చాక నువ్వే తేల్చుకో. నువ్వు మాత్రం నిజంగానే క్షేమంగా ఉండాలి. వేళకి తింటున్నావనీ, పడుకునే ముందు గొళ్ళెం చూసుకుంటున్నావనీ అనుకుంటాను.

అక్షరాలు చూసి కంగారు పడకు. పక్కింటి పిల్లాడి చేత రాయించలేదు. నేనే, ఎడమచేత్తో రాస్తున్నాను. ఈ చేతికి ఇన్నాళ్ళూ కాఫీ గ్లాసు పట్టుకోవడం తప్ప వేరే చదువు చెప్పించలేదు. అందుకే ఇప్పుడు వాక్యం ఒక వైపు పోతుంటే ఇది ఇంకో వైపు పోతోంది. కుడిచేతి సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను. ముందుకి గెంతి చదవకు. నీకా అలవాటుంది, నాకు తెలుసు.

నువ్వు ఫోను కట్టేసి, స్నేహితురాలి గదిలో తల దాచుకున్నప్పటినుంచి మనిద్దరం మళ్ళీ ఉత్తరాల కాలంలో పడ్డాం. అంతరిక్షం మీద నవల రాసినదానికి చివరికి తపాలా పెట్టె దిక్కయింది. ఒకందుకు మేలే. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అడ్డం వచ్చేదానివి.

నీ ఉత్తరంలో ప్రశ్నలు వేశావు. వరసగా జవాబులు చెబుతాను, చివరి ప్రశ్నకి మాత్రం చివర్లోనే.

కింద దుకాణం అద్దం వేయించారా అన్నావు. వేయించాం. ఇప్పుడు దాని ముందు ఇనప జాలీ కూడా ఉంది. మీ అమ్మ లాండ్రీ కాస్తా తాకట్టు కొట్టులా తయారైంది. రాయి విసిరినవాడెవడో తెలియలేదు. రాయికి చుట్టిన కాగితం మీద "గేటు తాతని చంపినదానికి ఇదే గతి" అని ఉంది. దస్తూరీ బాగుంది. మనిషి కూడా అలా ఉంటే బాగుండేది.

మీ అమ్మకి నా మీద కోపమా అన్నావు. మీ అమ్మకి ఎవరి మీద కోపమొచ్చినా ఆ రోజు చొక్కాల కాలర్లు కత్తుల్లా నిలబడతాయి. ఈ మధ్య కొన్నాళ్ళు నిలబడ్డాయి. ఇప్పుడు మామూలుగానే ఉన్నాయి. మీ నాన్నగారు ఎప్పటిలా రైలు డ్యూటీల్లో ఉన్నారు. ఇంటికి నిద్రకొస్తారు, కబుర్లకి కాదు. నీ పుస్తకం బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నారు. అట్ట వేశారు, పేరు కనపడకుండా.

పాఠకులు ఇంటర్నెట్లో రాసేవి ఇంకా చదువుతున్నావా, మానెయ్యి అన్నావు. మానను. నువ్వు చదవలేక పారిపోయావు కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు చదవాలి. తర్కశాస్త్రం పాఠాలు చెప్పి, పిల్లల పేపర్లు దిద్ది జుట్టు నెరిసినదాన్ని. చెత్త చదవడం నాకు కొత్త కాదు. రోజూ పొద్దున్న కాఫీతోపాటు అవి ముందు పెట్టుకుని కూర్చుంటాను. మచ్చుకి కొన్ని చెబుతాను, నవ్వుకో.

ఒకాయన "పుస్తకం చదవలేదు, చదవను, అయిదింటికి ఒక్క చుక్క ఇస్తున్నాను" అన్నాడు. నిజాయితీ ఉంది, మార్కులు వేశాను. ఇంకొకడు "ఈ రచయిత్రి చేతులు మణికట్టు దగ్గర నరికి, ఏడో గేటుకి వేలాడదీయాలి" అన్నాడు. కింద పద్ధెనిమిదిమంది మెచ్చుకున్నారు. వేరొకడు "నేను చంపుతానని అనడం లేదు, ఎవరైనా చంపితే మాత్రం ఏడవను" అన్నాడు. తన మీదికి రాకుండా వాక్యం అమర్చుకున్నాడు, వకీలో వకీలు కొడుకో అయ్యుంటాడు. ఒక డాక్టరు నీ మూడో అధ్యాయం మెచ్చుకున్నాడు. తూటా తగిలి ఆ కుర్ర ఇంజనీరు చచ్చిపోతున్నప్పుడు నెత్తురు పూసల్లా గుండ్రంగా తేలుతుందని రాశావే, అది సరిగ్గా రాశావట. "కానీ గుండెలో గుండు దిగినవాడు అంతసేపు మాట్లాడడు" అని ఒక చుక్క కోసేశాడు. కోస్తే కోశాడు, కారణం చెప్పి కోశాడు.

మిగతావాళ్ళందరి గోలా ఒక్కటే. చివరి అధ్యాయం. నీ నవలకి మూలమైన ఆ కంప్యూటరు ఆట ఆడాను కాబట్టి నాకది అర్థమైంది.

అవును, ఆడాను. నీ పాత కంప్యూటరు తుడిచి, లాండ్రీలో ఇస్త్రీ చేసే అతని చేత మీటలు నేర్పించుకుని, ముందు గదిలో కూర్చుని ఆడాను. మొదటి గేటు దగ్గరే ఎన్నిసార్లు చచ్చానో అడక్కు. ఒకసారి మంటల్లో, ఒకసారి గాలి అయిపోయి, ఒకసారి నా తుపాకీ నేనే కాల్చుకుని. ఇస్త్రీ అతను "మామ్మగారూ, అది తలుపు తెరిచే మీట కాదండీ" అంటూనే ఉండేవాడు. ఆరో గేటు దాకా అందర్నీ చంపుకుంటూ పోవాలి. పోయాను. నా వయసులో అంత రక్తపాతం ఒంటికి మంచిది కాదని మీ అమ్మ అంది. నిద్ర బాగా పట్టింది.

తర్వాత ఏడో గేటు. అక్కడ ఆ ముసలి కాపలావాడు, ఆడేవాళ్ళంతా గేటు తాత అని పిలుచుకునేవాడు, తుపాకీ ఎత్తి నిలబడి ఉంటాడు. కాలిస్తే కాలుస్తాడు, పరిగెత్తితే కాలుస్తాడు. ఎవడో ఎప్పుడో విసుగొచ్చి తుపాకీ కింద పెట్టి నేల మీద కూర్చున్నాడట. తాత కూడా తన తుపాకీ కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. కాసేపటికి గేటు దానంతటదే తెరుచుకుంది. ఆటలో ఎక్కడా రాసిలేదు. ఆడేవాళ్ళ నోటా నోటా అదొక పద్ధతి అయిపోయింది. ఏడో గేటు దగ్గర ఆయుధం కింద పెట్టాలి, ఖాళీ చేతులు చూపించాలి, కూర్చోవాలి. కూర్చున్నవాడిని ఎవరూ కాల్చరు. నేనూ కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులున్న నాకంటే ఆ తాత చులాగ్గా కూర్చున్నాడు. నాకెందుకో గేటు తెరుచుకున్నా వెంటనే లేవబుద్ధి కాలేదు.

నీ నవల్లో కెప్టెన్ కూడా కూర్చుంటుంది. తాత కూర్చుంటాడు. గేటు తెరుచుకోవడం మొదలవుతుంది. అప్పుడు కెప్టెన్ తుపాకీ తీసి తాత గుండెల్లో కాల్చి, గేటు దాటి వెళ్ళిపోతుంది. ఎందుకు కాల్చిందో నువ్వు రాయలేదు. నేనడిగితే "నాకూ తెలీదు అమ్మమ్మా, రాస్తుంటే కాల్చేసింది" అన్నావు. పోయిన ఉత్తరంలో నేనేం రాశానో గుర్తుందిగా. "ఇది తర్కానికి నిలవదు. గెలుపు చేతికొచ్చాక, ఎదుటివాడు ఆయుధం దించాక, కారణం లేకుండా ఎవరూ చంపరు. నీ పాఠకులు రౌడీలే కావచ్చు, ఈ ఒక్క విషయంలో వాళ్ళది రైటు" అని రాశాను. అంత ముచ్చటైన చేతిరాతతో అదే ఆఖరి వాక్యం అవుతుందనుకోలేదు.

దానికి నువ్వు జవాబు రాశావు. ప్రచురణకర్త రెండో ముద్రణకి ముగింపు మార్చమంటున్నాడనీ, కెప్టెన్ కాల్చకుండా వెళ్ళిపోయేలా రాసిస్తే గొడవ సద్దుమణుగుతుందంటున్నాడనీ, నెలాఖరులోగా తేల్చాలనీ. "ఊరంతా తిట్టినా పట్టించుకోలేదు, నువ్వూ అలా అన్నాక నా మీద నాకే నమ్మకం పోయింది. మార్చెయ్యనా? నువ్వు ఊ అంటే మార్చేస్తాను. ఇంక మళ్ళీ రాయను కూడా" అని రాశావు. ఆ చివరి మాట చదివి నీకు రెండు తగిలించాలనిపించింది. చెయ్యి ఖాళీగా లేదు.

ఇప్పుడు కుడిచేతి వంతు.

బాత్రూంలో జారిపడ్డానని రాయమంది మీ అమ్మ. ఉన్నదున్నట్టు చెబితే నువ్వు పరిగెత్తుకొస్తావని భయం. నేను సరేనన్నాను. కానీ ఈ ఇంట్లో నేను ఎప్పుడూ జారిపడలేదు, పడను కూడా. ఆ అబద్ధం నా పరువుకి భంగం.

పోయిన బుధవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ముందు గదిలో కూర్చుని నీ పాఠకులని చదువుతున్నాను. కింద ఆవిరి యంత్రం బుస్సుమంటోంది. అది నడుస్తుంటే పైన ఇల్లు కూలినా మీ అమ్మకి వినపడదు. గాలి కోసం తలుపు తీసి, మూసుకుపోకుండా ఆ పాత ఇనప ఇస్త్రీపెట్టె అడ్డం పెట్టాను. ఒకడు మెట్లెక్కి వచ్చాడు. ముప్ఫై దాటి ఉంటాయి. నల్లటి గోళ్ళు, రబ్బరు వాసన, చేతిలో టైర్లు ఊడదీసే ఇనపకడ్డీ. తర్వాత తెలిసింది, నాలుగు వీధుల అవతల టైర్ల కొట్టులో పని చేస్తాడట.

"ఆవిడ ఏది?" అన్నాడు.

"ఏ ఆవిడ నాయనా?"

"పుస్తకం రాసినావిడ. రైలు గేటు పక్క లాండ్రీ, పైన రెండు నీలం ట్యాంకులు, ముందు గది కిటికీ. ముందుమాటలో రాసుకుంది కదా. రోజూ ఈ దారినే పోతున్నాను, చదవగానే గుర్తుపట్టాను."

నీ ముందుమాట నాకు ముద్దొచ్చింది పిడుగూ, ఆ రోజు దాకా. అమ్మమ్మ గదిలో కూర్చుని రాశానని చెప్పుకోవడం నీ ప్రేమ. ట్యాంకుల రంగు చెప్పడం నీ అతి.

"ఆవిడ ఇక్కడ లేదు. ఊళ్ళోనే లేదు" అన్నాను.

వాడు నన్నేం చెయ్యలేదు ముందు. గదిని చేశాడు. మొదట పుస్తకాల బీరువా అద్దం. తర్వాత నీ కంప్యూటరు. తెర మీద ఒకటే దెబ్బ, కింద పెట్టె మీద ఇంక లెక్కలేదు. కొడుతూ మాట్లాడుతున్నాడు. నువ్వు దొరికితే ఏం చేస్తాడో ఒక్కొక్కటే చెబుతున్నాడు. వేళ్ళు ఒక్కోటీ ఎలా విరుస్తాడో, ఏ వేలితో మొదలుపెడతాడో. అవన్నీ నేను అంతకుముందు చదివినవే. కాఫీ తాగుతూ, నవ్వుతూ, దిద్దుతూ చదివినవే. చదవడం వేరు, గదిలో మనిషి నోటి తుంపర మొహాన పడుతుండగా వినడం వేరు అని అప్పుడు తెలిసింది.

నేను లేచి తలుపు దగ్గర ఇస్త్రీపెట్టె అందుకున్నాను, రెండు చేతులతో. బరువు నీకు తెలుసు, చిన్నప్పుడు కాలి మీద వేసుకుని ఊరంతా వినపడేలా ఏడ్చావు. వాడు చూశాడు. కడ్డీ తిప్పి నా కుడి మణికట్టు మీద కొట్టాడు. చప్పుడు ముందు వినపడింది, నొప్పి తీరిగ్గా వచ్చింది. ఎండిన పుల్ల విరిగినట్టు చప్పుడు. చెయ్యి నాదే, కానీ మణికట్టు దగ్గరనుంచి ఇంకెవరిదోలా వేలాడింది. ఇస్త్రీపెట్టె ఎడమచేతిలో మిగిలింది. వాడు మళ్ళీ కడ్డీ ఎత్తాడు, ఈసారి తలకి.

అప్పుడు నాకు బుర్రలో ఏ దేవుడూ మెదల్లేదు, మీ తాతయ్యా మెదల్లేదు. గేటు తాత మెదిలాడు.

ఇస్త్రీపెట్టె నేల మీద పెట్టాను. ఎడమ అరచెయ్యి తెరిచి చూపించాను, రెండోది ఎలాగూ తెరిచే ఉంది. గాజుపెంకుల మీదే కూర్చున్నాను.

వాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నోరు తెరుచుకుంది. నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. నేను కూర్చున్న తీరునీ, చేతినీ, నేల మీది ఇనుమునీ చూశాడు. కడ్డీ దించాడు. దించి, కింద పెట్టాడు. ఎదురుగా కూర్చున్నాడు. నిజంగా కూర్చున్నాడు పిడుగూ, ఆటలోలాగే, మోకాళ్ళు ముడిచి.

తర్వాత వాడు మాట్లాడాడు. గొంతు మారిపోయింది. "నేను ఆట ఆడనండి. పని అయ్యాక ఇంటికెళ్ళి నేరుగా ఏడో గేటు దగ్గరికెళ్ళి కూర్చుంటాను. అంతే. పొద్దున్నించీ కొట్టులో తిట్లే. అక్కడ ఆయనొక్కడే. మనం కూర్చుంటే ఆయన కూర్చుంటాడు. మీ అమ్మాయి ఆయన్ని కాల్పించింది. అది చదివినప్పట్నించీ అక్కడ కూర్చోలేకపోతున్నానండి. నా వెనక ఎవరో తుపాకీ తీస్తున్నట్టు ఉంటోంది."

ఆ మాట అని, చొక్కా అంచు పైకెత్తి మొహం తుడుచుకోవడానికి తల వంచాడు.

నేను ఎడమచేత్తో ఇస్త్రీపెట్టె తీసి వాడి తల మీద కొట్టాను.

చెవి పైన తగిలింది. వాడు పక్కకి ఒరిగాడు, చెయ్యి అడ్డం పెట్టుకోబోయాడు. మళ్ళీ కొట్టాను. రెండో దెబ్బకి ఏదో మెత్తగా లోపలికి పోయినట్టు చేతికి తెలిసింది. నెత్తురు గోడ మీద క్యాలెండరు దాకా చిమ్మింది. పూసల్లా తేలలేదు. మన భూమ్మీద అది కిందికే పోతుంది, గాజుపెంకుల సందుల్లోంచి దారి చూసుకుంటూ.

ఆ తర్వాత అరిచాను. మీ అమ్మకి వినపడలేదు. ఇస్త్రీ అతను మన ఇంటి బట్టలు పైకి తీసుకొస్తూ చూశాడు.

ఎస్సై వచ్చాడు. మర్యాదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాడు. "అమ్మా, మీరు కొట్టినప్పుడు అతని చేతిలో కడ్డీ ఉందా?" నేను "ఉంది" అన్నాను. "మీ మీదికి వస్తున్నాడా?" "వస్తున్నాడు." ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇన్నేళ్ళు పిల్లలకి నిజానికీ అబద్ధానికీ మధ్య గీత గీసి చూపించినదాన్ని, ఆ గీత మీదనుంచి అంత సులువుగా దాటాను.

తర్వాత జరిగింది వింటే నీకు నవ్వు రావాలి, నాకు రావడం లేదు. పేపర్లో వేశారు. ఇస్త్రీ అతని ఫోనులో చూశాను, నీ పాఠకులంతా ఒక్కసారిగా తిరిగారు. నీ చేతులు నరకమన్నవాడే "మామ్మకి అయిదు చుక్కలు" అని రాశాడు. ఎవరైనా చంపితే ఏడవనన్నవాడు "ఆ టైర్ల కొట్టువాడిని ఉరి తియ్యాలి" అన్నాడు. పుస్తకం కూడా ఎక్కువ అమ్ముడుపోతోందట. ప్రచురణకర్త ఫోను చేసి "ఈ సంఘటన రెండో ముద్రణ ముందుమాటలో వేసుకుందామా అమ్మా" అన్నాడు. ఎడమచేత్తో పెట్టినా ఫోను గట్టిగానే పెట్టాను.

నేను నా మనసుకి చాలా కారణాలు చెప్పి చూశాను. చెయ్యి విరిచాడు కదా. నీ వేళ్ళ గురించి అన్నాడు కదా. మళ్ళీ లేస్తాడేమో కదా. అన్నీ మంచి కారణాలే, పరీక్షలో రాస్తే మార్కులు వేస్తాను. కానీ కొట్టేముందు వాటిలో ఒక్కటి కూడా నా బుర్రలో లేదు. తల వంచాడు. వంచిన తల దొరికింది, కొట్టాను. మొదటి దెబ్బ భయం అనుకో, నీ ఇష్టం. రెండోది భయం కాదు. రెండోది కొడుతున్నప్పుడు బాగుంది.

ఇది చదివి పుస్తకం మూసినట్టు ఉత్తరం మూసెయ్యకు. ఇంకొంచెమే.

ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని మీ అమ్మ అడిగితే కట్టు చూపించుకోవడానికన్నాను. కట్టు కూడా అక్కడే కట్టారు కాబట్టి అబద్ధం సగమే. వాడి గది ముందు కానిస్టేబులు పేపరు చదువుకుంటున్నాడు, నన్ను గుర్తుపట్టి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నా బొమ్మ ఉన్న పేపరే. వాడికి ఎడమ చెవి ఇక వినపడదట. ఆ వైపు కనురెప్ప వాలిపోయింది. తల నిండా కట్లు. ఒక చేతికి సెలైను, ఇంకో చేతికి మంచంతో కలిపి సంకెల. నన్ను చూసి కోప్పడలేదు. వినపడే చెవి నా వైపు తిప్పాడు.

"మీకా పద్ధతి ఎలా తెలుసండి?" అన్నాడు.

"ఆడాను" అన్నాను. "ఏడో గేటు దాకా వెళ్ళాను. నేనూ కూర్చున్నాను."

దిండు మీద తల కాస్త ఎత్తి చూశాడు. ఒక కన్నే పూర్తిగా తెరుచుకుంటోంది.

"మరి ఎందుకు కొట్టారండి? నేను కూర్చున్నాను కదా."

ఆ రోజు దాకా ఎవరడిగినా జవాబు లేకుండా నేను నిలబడలేదు. మీ తాతయ్యని అడిగితే చెప్పేవారు, ఆయన దాంతోనే వేగారు. మంచం పక్కన నిలబడి, వాడి దుప్పటి అంచు సరిచేసి వచ్చేశాను. దుప్పటి సరిగ్గానే ఉంది.

నిన్న మీ అమ్మకి అంతా చెప్పాను. అంగీ మీద ఆవిరి పెట్టె నడుపుతూనే వింది. "ఎన్ని దెబ్బలు?" అని అడిగింది. "రెండు" అన్నాను. అంగీ పూర్తిచేసి, మడతపెట్టి, దొంతర మీద పెట్టింది. "అతని చేతిలో?" "ఏమీ లేదు." యంత్రం కట్టేసింది. ఆ వేళప్పుడు అది కట్టెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. "రేపు స్టేషనుకి నేనూ వస్తాను. ఆ ఎడమచేత్తో సంతకం ఏం చేస్తావు" అంది.

కాబట్టి ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఎస్సైకి ఉన్నది ఉన్నట్టు చెప్పేసి ఉంటాను. వాడు ఇంట్లో చొరబడింది నిజం, చెయ్యి విరిచింది నిజం. దానికి వాడికి పడేది పడుతుంది. కడ్డీ కింద పెట్టి కూర్చున్నదీ నిజమే. దానికి నాకు పడేది పడాలి. ఏం పడుతుందో తెలియదు. పాఠకులు నా చుక్కలు వెనక్కి తీసుకుంటారు, అది మాత్రం ఖాయం. నువ్వు పరిగెత్తుకు రావద్దు. వచ్చినా నిన్ను ముందు గదిలో కూర్చోబెట్టను, ఇంకా పెంకులు దొరుకుతూనే ఉన్నాయి.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. ముగింపు మార్చనా అన్నావు.

నా పాత అభిప్రాయం కొట్టేసుకో. కారణం లేకుండా ఎవరూ చంపరన్నాను. అది ఎవర్నీ కొట్టనిదాని అభిప్రాయం. ఎదుటివాడు కూర్చున్నాక, గేటు తెరుచుకుంటున్నాక కూడా కొట్టే చెయ్యి ఉంటుంది. చదువుకున్న చెయ్యి కూడా అయ్యుండొచ్చు. నీ కెప్టెన్ కాల్చింది. నువ్వు సరిగ్గా రాశావు. కారణం ఎక్కించకు, వాళ్ళెంత అడిగినా సరే. ప్రచురణకర్తకి మార్చనని రాయి, నా పేరు చెప్పి కాదు, నీ పేరుతో.

కానీ తప్పు ఒకటుంది. డాక్టరు పట్టుకున్నది కాదు. నీ గేటు తాత ఒక్క మాట అడక్కుండా చచ్చిపోయాడు. నా వాడు బతికి అడిగాడు. నీ కెప్టెన్ కాల్చేసి, గేటు దాటి, నక్షత్రాలు చూసుకుంటూ వెళ్ళిపోయింది. అక్కడే నేను నమ్మను. గేటు తెరిచే ఉంటుంది పిడుగూ, ఎవరూ ఆపరు, పైగా లేచి నిలబడి నమస్కారం పెడతారు. అయినా కాలు పడదు. ఆవిడింకా అక్కడే, ఆయన ఎదురుగా కూర్చునే ఉంది. ఆయన అడుగుతున్నాడు. అక్కణ్ణించి రాయి.

ఇట్లు,
నీకు చుక్కలివ్వని
అమ్మమ్మ